వాన పడకపోతే... డబ్బు పడుతుందా?

విత్తనం వేశాక మబ్బుల కోసం ఎదురుచూడటం అనంతపురం జిల్లా రైతుకి కొత్తేమీ కాదు. ఇన్ని రోజుల్లో ఇంత వాన పడకపోతే ఎవరూ అడక్కుండానే బీమా సొమ్ము ఖాతాలో పడేలా ఓ ఒప్పందం ఉంటే? దాన్ని రాసేదీ అమలు చేసేదీ కూడా కంప్యూటరే అయితే? వినడానికి బాగానే ఉంది కదూ! అలాంటి ఒప్పందాలు ఇప్పటికే ఉన్నాయి. చిక్కల్లా మీట నొక్కడానికి ముందు ఏం జరుగుతుందన్న దగ్గరే.

తాడిపత్రి పెన్న ఒడ్డున ఉన్న ఊరు. ఏరు పక్కనే ఉన్నా నీళ్లు పారే రోజులకన్నా ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. ఊళ్లో బండల పాలిష్ మిషన్ల మోత, ఊరు దాటితే చీనీ తోటలూ పప్పుశనగ, వేరుశనగ చేలూ. జిల్లా మొత్తమ్మీద ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదీ ఒక పద్ధతిగా పడదు. విత్తేటప్పుడు ఊరించి, ఊడలు దిగే వేళకి మొహం చాటేస్తుంది. వేరుశనగకి అదే చావుదెబ్బ. చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయ ఉండదు.

మామూలు పంటల బీమాలో నష్టం ఎంతో తేల్చాలంటే పంటకోత ప్రయోగాలు జరగాలి. ఎంపిక చేసిన చేలల్లో పంట కోసి, తూకం వేసి, దిగుబడి లెక్క కట్టి, ఆ కాగితాలు పైకి వెళ్లి, పరిహారం కిందికి రావాలి. ఈలోపు రైతు మళ్లీ విత్తనాల కోసం అప్పు చేస్తాడు. 'పంటని కొలవడం ఎందుకు, వానని కొలిస్తే సరిపోదా?' అన్న ఆలోచన పుట్టింది అందుకే.

మొదలైంది మన దగ్గరే

ఆ ఆలోచనని మనదేశంలో మొదట ఆచరణలో పెట్టింది తెలుగు నేల మీదే. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో హైదరాబాద్ సంస్థ బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వేరుశనగ, ఆముదం రైతులకి వాన బీమా అమ్మాయి. ప్రపంచ బ్యాంకు నిపుణులు సాయం చేశారు. ఆ ఏడాది పాలసీ తీసుకున్నవాళ్లు 230 మంది. తర్వాతి ఏడాది అది అనంతపురం జిల్లాకీ వచ్చింది. 2007లో కేంద్ర ప్రభుత్వం వాతావరణ ఆధారిత పంటల బీమాని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది.

ఆ తొలి పాలసీల లెక్క సూటిగా ఉండేది. పంటకాలాన్ని మూడు దశలుగా విడగొట్టారు. తొలి రెండు దశలకీ రెండేసి గీతలు. పై గీత దాటి వాన పడితే పరిహారం లేదు. అంతకన్నా తగ్గితే తగ్గిన ప్రతి మిల్లీమీటరుకీ ఇంత చొప్పున డబ్బు. కింది గీత కన్నా తగ్గిపోతే ఆ దశకి రావాల్సిన మొత్తం పూర్తిగా ఇస్తారు.

ఉదాహరణకి పై గీత 100, కింది గీత 40, మిల్లీమీటరుకి 50 రూపాయలు అనుకుందాం. వాన 60 పడితే లోటు 40. అంటే 2,000 రూపాయలు. వాన 40 లోపే అయితే గరిష్ఠ మొత్తం, 3,000. అంతే! నష్టం చూడ్డానికి అధికారి రానక్కర్లేదు, అర్జీ పెట్టనక్కర్లేదు. కావలసిందల్లా ఒక వానమాపకం, ఒక కూడిక, ఒక తీసివేత.

కూడికలూ తీసివేతలూ మనిషికన్నా బాగా చేసేది ఎవరు? కంప్యూటరే కదా. ఇక్కడే కథలోకి 'స్మార్ట్ కాంట్రాక్ట్' వస్తుంది.

రూపాయి వేస్తే కాయ రాలినట్టు

రైల్వేస్టేషన్లో బరువు తూచే మిషను గుర్తుందా? నాణెం వేయగానే చక్రం గిర్రున తిరిగి టికెట్టు బయటికొచ్చేది. దాని వెనక మనిషి లేడు. 'నువ్వు డబ్బు వేస్తే నేను టికెట్టు ఇస్తాను' అన్న ఒప్పందాన్ని ఆ యంత్రమే నిలబెట్టుకునేది. 1990ల్లో నిక్ సాబో అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఇలాంటి ఉదాహరణే చెప్పాడు... కూల్‌డ్రింకులు అమ్మే మిషను. ఒప్పందంలోని షరతుల్ని ఇలా యంత్రంలోనే పెట్టేస్తే మాట తప్పే అవకాశమే ఉండదన్నాడు. స్మార్ట్ కాంట్రాక్ట్ అన్న పేరూ ఆయన పెట్టిందే.

పేరైతే వచ్చింది కానీ ఆ యంత్రాన్ని ఎక్కడ పెట్టాలి? బీమా కంపెనీ ఆఫీసులో పెడితే కంపెనీ మార్చేయొచ్చు. రైతు ఇంట్లో పెడితే రైతు మార్చేయొచ్చు. దానికి జవాబుగా వచ్చిందే బ్లాక్‌చెయిన్. ఒకే లెక్కల పుస్తకాన్ని వేల కంప్యూటర్లు తలా ఒక ప్రతి దగ్గర పెట్టుకుంటాయి. ఒకడు తన ప్రతిలో అంకె దిద్దినా మిగతావాళ్ల పుస్తకాలు ఒప్పుకోవు. 2015 జులై 30న మొదలైన 'ఇథీరియం' ఆ పుస్తకంలో లెక్కలే కాదు, ప్రోగ్రాములు కూడా రాసుకునే వీలు కల్పించింది. దాన్ని ప్రతిపాదించే నాటికి విటాలిక్ బ్యుటెరిన్ వయసు 19.

అలా పుస్తకంలో ఎక్కించిన ప్రోగ్రామే స్మార్ట్ కాంట్రాక్ట్. ఎక్కించడాన్ని కంప్యూటర్ వాళ్లు 'డిప్లాయ్' చేయడం అంటారు.

మీట నొక్కితే...

ఇదివరకు ఆ ఎక్కించే పని ప్రోగ్రామర్లే స్వయంగా కూర్చుని చేసేవారు. ఇప్పుడు మామూలు వెబ్‌సైటే ఆ పని చేసేస్తోంది. రైలు టికెట్టు కొన్నంత తేలిగ్గా... వివరాలు నింపడం, మీట నొక్కడం. అవతల ఒక కొత్త ఒప్పందం పుట్టడం.

ఫ్రాన్సుకి చెందిన బీమా కంపెనీ ఆక్సా 2017లో 'ఫిజీ' పేరుతో ఇలాంటిదే తెచ్చింది. విమానం ఆలస్యమైతే ఇచ్చే బీమా అది. వెబ్‌సైట్‌లో ప్రయాణ వివరాలిచ్చి పాలసీ కొంటే ఆ కొనుగోలు ఇథీరియంలోని స్మార్ట్ కాంట్రాక్ట్‌లో నమోదయ్యేది. విమానాల రాకపోకల సమాచారం చూసి, రెండు గంటలకి మించి ఆలస్యమైతే పరిహారం ఇచ్చే పని అదే మొదలుపెట్టేది. ప్రయాణికుడు క్లెయిము పత్రం నింపే పనే లేదు. అయితే రెండేళ్లు తిరిగేసరికి, 2019లో కంపెనీ దాన్ని ఆపేసింది. అదే ఏడాది శ్రీలంకలో ఆక్స్‌ఫామ్, ఏయాన్, ఎథరిస్క్ సంస్థలు కలిసి వరి రైతుల కోసం బ్లాక్‌చెయిన్ మీద వాతావరణ బీమా మొదలుపెట్టాయి. ఆఫ్రికాలో కెన్యా రైతులకి ఇలాంటి బీమా పరిహారం నేరుగా సెల్‌ఫోన్‌లోని ఖాతాకే వెళ్లింది.

మరి, తాడిపత్రిలో ఒక రైతు కంప్యూటర్ సెంటర్‌కి వెళ్లి ఇలాంటి వాన బీమా తీసుకున్నాడనే అనుకుందాం. తెర వెనక ఏం జరుగుతుంది?

మొదట అతని పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం వెబ్‌సైట్ నడిపే కంప్యూటర్‌కి చేరతాయి. అక్కడ ఒప్పందం మూస సిద్ధంగా ఉంటుంది. ఏ వానమాపకం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, పై గీత ఎంత, కింది గీత ఎంత... ఈ ఖాళీలు నిండుతాయి. రైతు పేరూ సర్వే నంబరూ మాత్రం అందరూ చూసే పుస్తకంలో పెట్టకూడదు. అవి కంపెనీ దగ్గరే ఉండాలి, ఒప్పందంలోకి ఒక గుర్తు సంఖ్య వెళితే చాలు.

తర్వాత కంపెనీ రహస్య తాళంచెవితో దాని మీద డిజిటల్ సంతకం పడుతుంది. అప్పుడు దాన్ని నెట్‌వర్క్‌కి పంపిస్తారు. మామూలు చెల్లింపులో 'ఎవరికి' అని ఒక గడి ఉంటుంది. కొత్త ఒప్పందం పుట్టించేటప్పుడు ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. అది చూసి నెట్‌వర్క్ 'ఓహో, ఇది డబ్బు పంపడం కాదు, కొత్త ప్రోగ్రాము' అని గుర్తుపట్టి, దాన్ని పుస్తకంలో ఎక్కించి, దానికో చిరునామా ఇస్తుంది. ఇంటి నంబరులాంటిదే... కాకపోతే 40 అంకెలూ అక్షరాలూ ఉంటాయి.

ఇథీరియంలో కొత్త పుట 12 సెకన్లకోసారి చేరుతుంది. కాబట్టి అంతా సవ్యంగా ఉంటే టీ తాగేలోపు ఒప్పందం పుట్టేస్తుంది.

ఊరికే కాదు లెండి! ఎక్కించినందుకు నెట్‌వర్క్ కూలి తీసుకుంటుంది. దాన్ని 'గ్యాస్' అంటారు. డబ్బు పంపడానికి 21,000 యూనిట్ల గ్యాస్ అయితే కొత్త ఒప్పందం పుట్టించడానికి అదనంగా మరో 32,000. ఆ పైన ప్రోగ్రాములోని ప్రతి బైటుకీ 200. పెద్ద ప్రోగ్రామైతే కూలీ పెద్దదే. వెయ్యి రూపాయల ప్రీమియం కోసం అంతకన్నా ఎక్కువ కూలి పెడితే ఏం లాభం? అందుకే ప్రోగ్రామర్లు ఓ కిటుకు కనిపెట్టారు. అసలు ప్రోగ్రామును ఒక్కసారే ఎక్కిస్తారు. ఆ తర్వాత ఒక్కో రైతుకీ పుట్టేది 45 బైట్ల చిన్న చీటీ మాత్రమే. 'షరతులన్నీ ఫలానా పెద్ద ఒప్పందంలో ఉన్నాయి, అక్కడ చూసుకో' అని చెప్పే చీటీ అన్నమాట. ఇటుకలు కోసే చెక్కమూస ఒక్కటే, ఇటుకలు వేలు!

రాతి మీద రాత

బండల ఊరికి రాయి విలువ వేరే చెప్పాలా? కాగితం చిరిగిపోతుంది, రాయి మిగులుతుంది. తాడిపత్రి రామేశ్వరాలయ ఆవరణలో 1198 నాటి శాసనం ఒకటుంది. ఉదయాదిత్యుడనే పాలకుడు జైన ఆలయానికి భూమి దానమిచ్చిన సంగతి అందులో ఉంది. ఎనిమిది వందల ఏళ్లు దాటినా అక్షరం మాత్రం నిలిచింది. తర్వాత వచ్చినవాళ్లు ఆ మాట చెల్లించారా లేదా అన్నది వేరే సంగతి. మాట నిలబెట్టే శక్తి రాతికి లేదు.

స్మార్ట్ కాంట్రాక్ట్ దగ్గర ఆ రెండూ ఉన్నాయి. రాతిలా చెరగదు. పైగా తనని తానే అమలు చేసుకుంటుంది. మాట తప్పేవాళ్ల మధ్య బతికేవాడికి ఇంతకన్నా కావాల్సింది ఏముంది?

కానీ శిల్పి అక్షరం తప్పు చెక్కితే? ఆ తప్పూ చెరగదు. ఆ తప్పే అమలవుతుంది కూడా!

ఈ సంగతి ఇథీరియం వాళ్లకి ఏడాది తిరక్కుండానే అనుభవంలోకి వచ్చింది. 'ద డావో' పేరుతో కొందరు ఉమ్మడి పెట్టుబడి నిధిని స్మార్ట్ కాంట్రాక్ట్‌గా రాశారు. డబ్బు వెనక్కిచ్చే చోట ప్రోగ్రాములో లొసుగు ఉంది. ముందు సొమ్ము చేతికిచ్చి, ఆ తర్వాత లెక్కలో తగ్గించేది. లెక్క తగ్గించేలోపే మళ్లీ అడిగితే మళ్లీ ఇచ్చేది. 2016 జూన్ 17న ఒక ఆగంతకుడు అలా అడుగుతూనే పోయి సుమారు 36 లక్షల ఈథర్లని మళ్లించాడు. ఈథరంటే ఇథీరియంలో చెలామణి అయ్యే నాణెం. చివరికి జులైలో మెజారిటీ సభ్యులు కలిసి పుస్తకాన్నే దిద్దాల్సి వచ్చింది. 'చెరగని రాతని చెరిపితే ఎలా?' అని ఒప్పుకోనివాళ్లు పాత పుస్తకంతో వేరుకుంపటి పెట్టుకున్నారు. అదే ఇథీరియం క్లాసిక్.

వేల చీటీలు ఒకే పెద్ద ఒప్పందం మీద ఆధారపడితే ఏమవుతుందో మరుసటి ఏడాది తెలిసింది. పారిటీ అనే సంస్థ తయారుచేసిన డిజిటల్ పర్సులన్నీ ఒకే ఉమ్మడి ప్రోగ్రామును నమ్ముకున్నాయి. దానికి యజమాని ఎవరో నమోదు చేయకుండా వదిలేశారు. 2017 నవంబరు 6న ఎవరో ఒకరు తానే యజమానినని నమోదు చేసుకుని దాన్ని చెరిపేసే ఆదేశం ఇచ్చారు. అంతే... 587 పర్సుల్లోని 5,13,774 ఈథర్లు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. ఎవరూ దొంగిలించలేదు, ఎవరికీ దక్కనూ లేదు. దిద్దుబాటు కోసం ప్రతిపాదన వచ్చినా ఆమోదం దొరకలేదు.

వాన బీమాకి ఇది అన్వయించి చూడండి. మూసలో 'కన్నా తక్కువ' అని రాయాల్సిన చోట 'కన్నా ఎక్కువ' అని పడిందనుకోండి. కాగితం మీదైతే ఒక పాలసీలో అచ్చుతప్పు, మాట్లాడి సరిచేసుకోవచ్చు. ఇక్కడ వెబ్‌సైట్ అదే తప్పుని నిమిషానికి పదిమంది రైతుల పేరిట చెక్కుకుంటూ పోతుంది. చేతితో చేసే పనిలో తప్పు నడిచొస్తే, యంత్రంలో పరిగెత్తుకొస్తుంది!

తాళంచెవి ఎవరి దగ్గర?

ప్రతి ఒప్పందం మీదా సంతకం పడాలంటే రహస్య తాళంచెవి కావాలి. మనిషి ఎదురుగా లేకుండా వెబ్‌సైటే సంతకం చేయాలంటే ఆ తాళంచెవి వెబ్‌సైట్ కంప్యూటర్‌కి అందుబాటులో ఉండాలి. అంటే బీరువా తాళాన్ని గుమ్మానికి తగిలించినట్టే. కంప్యూటర్‌లోకి చొరబడ్డవాడు బీరువా తెరుచుకోగలడు.

తొమ్మిది తాళంచెవులు ఉన్నా గండం తప్పుతుందన్న హామీ లేదు. రోనిన్ అనే నెట్‌వర్క్‌లో అప్పట్లో 9 తాళంచెవులుంటే, 5 కలిస్తే సొమ్ము కదిలేది. 2022 మార్చిలో దొంగలు సరిగ్గా 5 సంపాదించి 1,73,600 ఈథర్లూ, 2.55 కోట్ల డాలర్లతో సమానమైన డిజిటల్ నాణేలూ ఎత్తుకుపోయారు. కాబట్టి జాగ్రత్త తెలిసినవాళ్లు పనిని విడగొడతారు. వెబ్‌సైట్ దగ్గరుండే తాళంచెవికి కొత్త ఒప్పందం పుట్టించే అధికారమే ఉంటుంది. పరిహారం నిధిని తాకే అధికారం ఉండదు. నిధి తాళంచెవులు వేర్వేరు మనుషుల దగ్గర, వేర్వేరు చోట్ల ఉంటాయి.

ఇంకో చిన్న చిక్కు. మన ఊళ్లలో నెట్ సంగతి తెలిసిందే. మీట నొక్కగానే చక్రం తిరుగుతూ ఉండిపోతుంది. 'పడిందో లేదో' అని మళ్లీ నొక్కుతారు. ఒక రైతుకి రెండు ఒప్పందాలు, రెండు ప్రీమియాలు! దీనికి మందు 2019 ఫిబ్రవరిలో దొరికింది. అప్పట్నుంచీ ఇథీరియంలో ఒప్పందం పుట్టకముందే, మనం ఎంచుకున్న సంఖ్యని బట్టి దాని చిరునామా లెక్కగట్టే వీలు వచ్చింది. రైతు దరఖాస్తు సంఖ్యని బట్టే చిరునామా తయారయ్యేలా మూస రాస్తే, అదే సంఖ్యతో రెండోసారి నొక్కినప్పుడు 'ఈ ఇంట్లో ఇప్పటికే మనుషులున్నారు' అన్నట్టు నెట్‌వర్క్ తిప్పి పంపేస్తుంది. పదిసార్లు నొక్కినా ఒప్పందం ఒక్కటే.

వానని చూసేదెవరు?

తాళాలూ మీటలూ చక్కబడ్డాయనుకుందాం. అసలు ప్రశ్న అప్పుడు మొదలవుతుంది. కంప్యూటర్ సెంటర్‌లో ఆ పెద్దాయనకీ కుర్రాడికీ మధ్య మాటలు ఇలా సాగాయని ఊహించుకోండి.

"ఏమప్పా, వాన రాకుంటే దుడ్లు ఎవురిస్తారు?"

"ఎవురినీ అడిగే పనిల్యా పెద్దాయనా. నీ ఖాతాలోకే వచ్చి పడతాయి."

"వాన రాల్యాదని దానికెట్ల తెలుస్తుంది?"

"మండలంలో వాన కొలిచే మిషనుంది కదా. అది చెప్తుంది."

"సరే. వాన మా చేన్లో పడకుండా ఆ మిషను కాడ పడితేనో?"

కుర్రాడి దగ్గర జవాబు ఉండదు. కాంట్రాక్ట్ దగ్గర కూడా ఉండదు. స్మార్ట్ కాంట్రాక్ట్ ఎంత తెలివైనదైనా కళ్లు లేనిది. తన పుస్తకంలో ఉన్నదే దానికి తెలుసు. తాడిపత్రిలో వాన పడిందో లేదో బయటినుంచి ఎవరో చెప్పాలి. అలా చెప్పే ఏర్పాటుని 'ఒరాకిల్' అంటారు. అది చెప్పిందే కాంట్రాక్ట్‌కి వేదం. అబద్ధం చెప్పినా, మాపకం గరాటులో చెత్త అడ్డుపడి తప్పు లెక్క వచ్చినా, కాంట్రాక్ట్ కచ్చితంగా, నిజాయితీగా... ఆ తప్పునే అమలు చేస్తుంది.

రాయలసీమలో ఈ ప్రశ్న ఇంకా పదునైంది. ఇక్కడి వాన చాళ్లు చాళ్లుగా పడుతుంది. గట్టుకి ఇటు తడిసిన చేనికి అటు పక్కన దుమ్ము లేస్తుంది. ఇప్పుడు మండలాల్లో తమంతట తామే సమాచారం పంపే వాతావరణ కేంద్రాలున్నాయి. 2003తో పోలిస్తే అది ఎంతో మెరుగు. అయినా మాపకానికీ చేనుకీ మధ్య ఉన్న ఆ కొన్ని కిలోమీటర్ల దూరాన్ని ఏ ప్రోగ్రామూ పూడ్చలేదు. దగ్గరదగ్గరగా మాపకాలు పెట్టడం, ఒక్కదాన్నే నమ్మకుండా రెండు మూడింటిని పోల్చడం, ఉపగ్రహ సమాచారంతో సరిచూడటం... ఇవన్నీ ఖర్చుతో కూడిన నేలమీది పనులు. కంప్యూటర్‌లో మీట నొక్కితే అయ్యేవి కావు.

వాన ఎంత అన్న దానికన్నా ఎలా లెక్కిస్తారన్నదీ ముఖ్యమే. ఆ తొలి పాలసీల్లో ఒక నిబంధన ఉండేది. ఒక్కరోజులో 60 మిల్లీమీటర్లకి మించి పడ్డ వానని లెక్కలోకి తీసుకోరు. ఎందుకంటే అది చేనుకి దక్కదు, వాగులో కలుస్తుంది. అలాగే రోజుకి 2 మిల్లీమీటర్లు కూడా లేని తుంపరనీ లెక్కించరు. అది మట్టిలోకి దిగకముందే ఆవిరైపోతుంది. ఎండ తెలిసినవాళ్లు, నేల తెలిసినవాళ్లు రాసిన షరతులివి. వీటిలో ఒక్కటి మరిచిపోతే ఒక్క కుండపోత వానతో లోటంతా పూడిందని కంప్యూటర్ తేల్చేస్తుంది. ఎండిన చేనులో నిలబడి రైతు ఎంత అరిచినా దానికి వినపడదు.

అర్థం కాని మంచి

2004లో మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో వాన బీమా మీద ఇక్రిశాట్ సాయంతో సర్వే జరిగింది. జేవియర్ గినే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ అనే ఆర్థికవేత్తలు దాన్ని విశ్లేషించారు. బీమా ఎందుకు తీసుకోలేదంటే చేతిలో డబ్బు లేదన్నవాళ్లతో పాటు 'అదేమిటో అర్థం కాలేదు' అన్నవాళ్లూ చాలామందే. ఇంకో విశేషం... నష్టమంటే ఎక్కువ భయపడేవాళ్లే బీమాకి దూరంగా ఉన్నారు. భయం ఉన్నవాడే కదా బీమా కొనాలి? కానీ తెలియని కాగితాన్ని నమ్మడం వాళ్లకి వాన కన్నా పెద్ద జూదంగా కనిపించింది. బీమా సంస్థతో ముందే పరిచయం ఉన్నవాళ్లు మాత్రం ధైర్యంగా ముందుకొచ్చారు.

మిల్లీమీటర్ల లెక్కే అర్థం కానప్పుడు, ప్రోగ్రాము భాషలో రాసి 40 అక్షరాల చిరునామా చేతికిస్తే? 'అందరూ చూడొచ్చు' అంటారు. నిజమే, చూడొచ్చు. చదవగలిగేదెందరు?

చట్టానికి మాత్రం ఇది మరీ కొత్తేమీ కాదు. 1872 నాటి కాంట్రాక్టుల చట్టం ప్రకారం ఇద్దరూ ఒక్క విషయాన్నే ఒకే అర్థంలో ఒప్పుకోవాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరిగిందన్న కారణంతో మాత్రమే ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం చెబుతోంది. కాబట్టి మీట నొక్కి చేసుకున్నా ఒప్పందం ఒప్పందమే. అయితే ఒప్పుకున్నది తెలుగులో చెప్పిన మాటా, ప్రోగ్రాములో రాసిన మాటా? రెండూ ఒకటి కాకపోతే ఏది నెగ్గాలి? ఇది ముందే తేల్చుకుని రాసుకోవాలి. తేడా వస్తే తెలుగు ప్రతే నెగ్గుతుందన్న ఒక్క వాక్యం రైతుకి అన్నిటికన్నా పెద్ద బీమా.

డబ్బు సంగతీ ఉంది. స్మార్ట్ కాంట్రాక్ట్ తనంతట తాను కదిలించగలిగేది తన నెట్‌వర్క్‌లోని నాణేలనే. మన ఖాతాల్లోని రూపాయల్ని కాదు. 'పరిహారం ఇవ్వండి' అని అది చెబితే ఆ మాట విని బ్యాంకు ద్వారా పంపాల్సింది బీమా కంపెనీయే. క్రిప్టో నాణేలిస్తే మనదేశంలో 2022 ఏప్రిల్ నుంచి వాటి లాభాల మీద 30 శాతం పన్ను ఉంది, విలువ ఎగుడుదిగుళ్లు వేరే. రిజర్వు బ్యాంకు 2022లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన డిజిటల్ రూపాయికి షరతులు జోడించే వీలుంది కాబట్టి రేపు ఈ ఖాళీ అది పూడ్చవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో 'విశ్వస్య' పేరుతో బ్లాక్‌చెయిన్ వేదికని ప్రారంభించింది. అది నడిచే మూడు డేటా కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. అంటే సరంజామా దగ్గరికే వస్తోంది.

నొక్కే ముందు నాలుగు మాటలు

అందుకే ఇలాంటి ఒప్పందం ఏదైనా ఊళ్లోకి వస్తే అది ఏ కంప్యూటర్‌లో నడుస్తుందని కాక, ముందు ఈ నాలుగూ అడగాలి.

ఒకటి, పాత లెక్కలతో నడిపి చూశారా? ఉత్తుత్తి నాణేలతో నడిచే రిహార్సల్ నెట్‌వర్క్‌లు ఉన్నాయి. ఒప్పందాన్ని అక్కడ పెట్టి, గడిచిన పాతికేళ్ల వాన లెక్కలు దానికి వినిపించాలి. ఏయే ఏడాది డబ్బు ఇచ్చేదో, ఎంత ఇచ్చేదో చూడాలి. ఊరంతా కరవని చెప్పుకునే ఏడాదికి అది సున్నా చూపిస్తే... మూస తప్పు, ఊరు కాదు.

రెండు, ఏ మాపకం? అది చేనుకి ఎంత దూరం? అది పాడైన రోజు ఎవరి లెక్క తీసుకుంటారు?

మూడు, తప్పు దొరికితే ఆపే తలుపు ఉందా? ఆపడానికి ఎందరి సంతకాలు కావాలి? ఏ ఒక్కరి చేతిలోనో ఉంటే రాతి మీద రాసి ప్రయోజనం లేదు. అసలు తలుపే లేకపోతే పారిటీ పర్సుల గతే.

నాలుగు, ఇది తెలుగులో చదివి వినిపించారా? విన్నాక ప్రశ్న అడిగితే జవాబు చెప్పే మనిషి ఉన్నాడా?

ఒప్పందం పుట్టడానికి 12 సెకన్లు చాలు. ఈ నాలుగు ప్రశ్నలకి జవాబులు రావాలంటే ఊళ్లో రచ్చబండ దగ్గర ఒక పూట పడుతుంది. ఆ పూటని మిగుల్చుకోవాలని చూస్తే వచ్చే నష్టాన్ని మోసేది కంప్యూటరూ కాదు, కంపెనీ కూడా కాదు. వానమాపకానికి అవతల ఎండిన చేను ఉన్నవాడు.